చుక్కలాయన జలపాతం

మా మరిదిని వీధిలో అందరూ చుక్కలాయన అనే పిలుస్తారు. ఆ పేరు విని, నక్షత్రాలు చూసి జాతకాలు చెప్తాడనుకుని, ఒకావిడ తప్పిపోయిన తన పిల్లి ఏ దిక్కుకు పోయిందో చెప్పమని ఇంటికొచ్చింది కూడా. మా మరిది ఆవిణ్ణి కూర్చోబెట్టి, పిల్లి చెవులు ఎలా ఉంటాయి, తోక మీద మచ్చ ఎక్కడుంది, అన్నీ అడిగి తెలుసుకుని, కంప్యూటర్ మీద దాని బొమ్మ వేసి కాగితం మీద తీసిచ్చాడు. గోడలకు అంటిస్తే ఎవరైనా గుర్తుపడతారని. పిల్లి దొరకలేదు. బొమ్మ మాత్రం ఆవిడ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంది. పిల్లి కన్నా ఇదే నయం, పాలు అడగదు అంటుంది.

అతని ఉద్యోగం ఏమిటో చుట్టాలకు చెప్పలేక మేమంతా నానా తిప్పలూ పడేవాళ్ళం. మా అత్తగారు కంప్యూటర్ పని అని తేల్చేసేది. మా ఆయనేమో, వాడు ఆటలాడుకుంటాడు, దానికి జీతమిస్తారు అనేవాడు. రెండూ నిజమే, రెండూ నిజం కాదు.

పూర్వం టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టెలుండేవి, మీకు గుర్తుండే ఉంటుంది. వాటిల్లో సాహసాల ఆటలని కొన్ని. భుజాన సంచీ వేసుకుని ఒక కుర్రవాడు అడవుల్లో, గుహల్లో, పాడుబడ్డ కోటల్లో తిరుగుతుంటాడు. తాళంచెవులు వెతుక్కుంటాడు, దారి తప్పుతాడు, చచ్చి మళ్ళీ మొదటికొస్తాడు. ఆ పెట్టెలు మూలబడ్డాయి. ఆ టీవీలు పాత సామాన్లవాడి బండెక్కాయి. ఇప్పుడు జనం బస్సులో నిలబడి, డాక్టరు దగ్గర వరసలో కూర్చుని, చేతిలో పట్టుకునే చిన్న గేమ్‌లు ఆడుతున్నారు. ఆ పాత ఆటల్ని ఈ చేతి గేమ్‌లలోకి తెచ్చే ఆఫీసు ఒకటుంది. చెప్పుల దుకాణం మీద మేడ. మెట్లెక్కుతుంటే జిగురు వాసన తలకెక్కేస్తుంది. పైన కిటికీలకు నల్ల పరదాలు, నాలుగు బల్లలు, ఒక మూల ఎప్పటిదో లావుపాటి పాత టీవీ. కిటికీ పక్క బల్ల మా మరిదిది.

ఆ ఆటల్లో బొమ్మలన్నీ చుక్కలతో చేసినవే. గోడ మీద చిన్న చిన్న రంగు పలకలు అతికించి బొమ్మ చేస్తారు చూడండి, అలాగన్నమాట. దూరం నుంచి చూస్తే కుర్రవాడి మొహం. దగ్గరికెళ్తే కంటికో చుక్క, ముక్కుకో చుక్క. ఆ చుక్క ఒక గడి పక్కకు జరిగిందంటే, నవ్వుతున్నవాడు ఏడుపు మొహం వేసుకుంటాడు. టీవీ పెద్దది, చేతి గేమ్ చిన్నది. బొమ్మను అలాగే కుదిస్తే కన్నూ ముక్కూ కలిసి మొహం ముద్దయిపోతుంది. పెద్దవాడి చొక్కా పసివాడికి తొడగాలంటే కుట్లన్నీ విప్పి మళ్ళీ కత్తిరించాలి కదా. మా మరిది చేసేది అదే. ప్రతి బొమ్మనూ కంప్యూటర్ మీద గోరంత గోరంత గడులుగా పెద్దది చేసుకుని, ఏ చుక్క ఉండాలి, ఏది పోవాలి అని చేత్తో తేల్చేవాడు. ఒక్కో బొమ్మకు ఒక్కో పూట. కొన్నిటికి వారం. అందుకే చుక్కలాయన అయ్యాడు.

ఇక్కడ ఇంకొక్క సంగతి చెప్పి తీరాలి, లేకపోతే తర్వాతది మీకు పట్టదు. పాత టీవీలు రంగుల్ని విడివిడిగా చూపించేవి కావు. పక్కపక్క చుక్కల్ని ఒకదాంట్లోకి ఒకటి అలికేసేవి. ఆ రోజుల్లో ఆటలు చేసినవాళ్ళు గడుసువాళ్ళు, ఆ అలుకుడినే వాడుకున్నారు. నీళ్ళ వెనక ఏదో మసగ్గా కనపడాలంటే, ఒక నిలువు గీత నీళ్ళ రంగు వేసి, పక్క గీత ఖాళీగా వదిలేవారు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఖాళీ. టీవీ వాటన్నిటినీ కలిపేసేసరికి పల్చటి నీటి తెర వచ్చేది, వెనకున్నది నీడలా కనిపించేది. చేతి గేమ్ తెర అలా కాదు. అక్కడ ఏ చుక్కకాచుక్క విడిగా నిలబడుతుంది. ఆ బొమ్మనే అక్కడ పెడితే నీళ్ళు పోయి నిలువు చారలు మిగులుతాయి. ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలిసిన విషయమే. మా మరిదికి అందరికన్నా బాగా తెలుసు. పొగలు, నీడలు, దయ్యాలు, ఎన్ని దిద్దాడో.

అందుకే పనికి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ముందు పాత బొమ్మను ఉన్నదున్నట్టు చేతి గేమ్‌లో పెట్టి చూడాలి. కంటికి తప్పు అనిపించిందే దిద్దాలి. తప్పనిపించనిదాని మీద చెయ్యి వెయ్యకూడదు. పాతవాళ్ళ పని మనం పాడుచెయ్యకూడదు అనేవాడు. ఆఫీసులో అందరికీ అదే నేర్పాడు. నాలుగు బల్లల మీదా అదే పద్ధతి.

ఇక ఆ ఆట సంగతి. వీళ్ళు జలపాతం ఆట అంటారు. మా మరిదీ, ఇప్పుడా ఆఫీసు నడిపే యజమానీ చిన్నప్పటి స్నేహితులు. ఇద్దరూ మీసాలు రాని రోజుల్లో అద్దెకు గేమ్‌లు ఆడించే కొట్లో పడి ఉండేవారట. ఆ ఆటలో ఒక చోట దారి ఆగిపోతుంది. ఎదురుగా జలపాతం, ఇటు కొండ, అటు లోయ. అందరూ అక్కడిదాకా వచ్చి, దారి తప్పామనుకుని వెనక్కి పోయేవారు. ఒకరోజు మా మరిది వంతు. ఆ నీళ్ళ ముందు కుర్రవాణ్ణి నిలబెట్టి, చెయ్యి మీటమీంచి తీసేసి, ఊరికే చూస్తూ కూర్చున్నాడట. వెనక వరసలో ఉన్నవాళ్ళు తిట్టడం మొదలుపెట్టారు. అప్పుడు నీళ్ళ వెనక ఏదో నల్లగా, తలుపంత ఎత్తున అనిపించింది. ముందుకు నొక్కాడు. కుర్రవాడు నీళ్ళలోంచి నడిచి లోపలికి వెళ్ళిపోయాడు.

ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పినప్పుడల్లా చివర ఒకటే మాట.

"ఎవరూ చెప్పలేదు వదినా. బాణం గుర్తు లేదు, అక్షరం లేదు. నీళ్ళే చెప్పాయి."

ఆ ఆటను చేతి గేమ్‌లోకి తేవాలని స్నేహితులిద్దరికీ ఏళ్ళనాటి కోరిక. దాని హక్కులున్నవాళ్ళు ఏళ్ళ తరబడి బెట్టు చేసి, చివరికి ఒప్పుకున్నారు. అయితే అప్పటికి బొమ్మల్ని వాటంతటవే కుదించేసే ప్రోగ్రాంలు వచ్చేశాయి. అవి ముద్దగానే కుదిస్తాయి గానీ వేగంగా కుదిస్తాయి. వ్యాపారంలో వాటా ఉన్నవాళ్ళు, ఇంకా చేత్తో ఎందుకు, ఒక బొమ్మకు వారమేమిటి అని యజమాని పీక మీద కూర్చున్నారు. అతను మా మరిదికి దాపరికం లేకుండా చెప్పేశాడు.

"ఈ ఒక్క ఆటా నీ చేత్తో చెయ్యి గురువా. జనం బాగుందన్నారా, బొమ్మల బల్ల నువ్వు ఉన్నంతకాలం నీది, ఆ ప్రోగ్రాం ఊసెత్తను. బాగోలేదన్నారా, ఇక నేనెవరికీ అడ్డం చెప్పలేను."

మా మరిదికి వేరే పని రాదు. నేర్చుకునే వయసు దాటింది. నేర్చుకోవాలనీ లేదు. ఆ ఆట నిలబడితే అతను నిలబడతాడు, లేకపోతే లేదు. మా ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు. వారాల తరబడి పొద్దున్న టీ దగ్గర ఇదే మాట.

మా తోడికోడలు, అంటే మా మరిది పెళ్ళాం, రైల్వే స్టేషన్లో టికెట్ కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. ఆ అద్దానికి కింద చిన్న కంత ఉంటుంది కదా, రోజంతా దాంట్లోంచి వచ్చే చేతులే చూస్తుంది. మనుషుల మొహాలు మర్చిపోతుంది గానీ చేతులు మర్చిపోదు. ఒకరోజు మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"ఆయన వేళ్ళు తడుముతున్నాయక్కా. కప్పు ఎక్కడుందో చూసి పట్టుకోవడం లేదు, అంచు తడిమి పట్టుకుంటున్నారు. చూపు లేనివాళ్ళు మా కంతలోంచి డబ్బులు అలాగే పెడతారు."

నేను కొట్టిపారేశాను. వయసొచ్చింది, కళ్ళజోడు మార్చుకోవాలి, అంతే అన్నాను. కానీ ఆమె అన్నాక ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పంచదార డబ్బా ఎదురుగా పెట్టుకుని పంచదారేదీ అని అడగడం. మాట్లాడుతుంటే మన మొహంకేసి కాకుండా చెవి పక్కకు చూడటం. కొత్తగా పొగరొచ్చిందని వీధిలో అనుకుంటున్నారు కూడా. ఒకసారి బజార్లో నా పక్కనుంచే వెళ్ళిపోయాడు, పలకరించలేదు. నేనే వెనక్కి పిలిచి, ఏమయ్యా పెద్దమనిషివైపోయావు, వదిన కూడా కనపడటం లేదా అని దెప్పాను.

"మీరు మాట్లాడకుండా నడుస్తున్నారు కదా వదినా. మీరని ఎలా అనుకుంటాను?" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. అది వేళాకోళం కాదనీ, మనుషుల్ని గొంతుని బట్టి పోల్చుకుంటున్నాడనీ అప్పుడు నాకేం తెలుసు.

కళ్ళ డాక్టరు దగ్గరికి పదమని పెళ్ళాం పోరింది. ఈ ఆట అయిపోనీ అన్నాడు. ముందు చూపించుకుని తర్వాత ఆట చెయ్యండి అంది. కళ్ళలో మందు వేస్తే రెండు రోజులు పని పోతుందన్నాడు. ఇంకోరోజు డాక్టరు ఊళ్ళో లేడన్నాడు. మరోరోజు నీకు టికెట్లు అమ్మడం తెలుసు గానీ కళ్ళ గురించి ఏం తెలుసు అన్నాడు. దాంతో ఆమె మూడు రోజులు మాట్లాడ్డం మానేసింది. నా అనుమానం, అతనికి లోపల తెలుసు. డాక్టరు చూస్తే చెప్తాడు. చెప్తే వినాలి. వినకుండా ఉన్నంతకాలం బల్ల ముందు కూర్చోవచ్చు.

పనిలో మాత్రం ఇబ్బంది లేదు. కంప్యూటర్ మీద చుక్కలు గోరంత ఉంటాయి కాబట్టి వేస్తున్నంతసేపూ బాగానే కనపడేవి. అడవి వేశాడు, కోట వేశాడు, గుడ్లగూబ కూర్చున్న ఎండుచెట్టు వేశాడు. ఆ గుడ్లగూబకు రెప్ప కొట్టడం నేర్పడానికి వారం పట్టింది. నాకు చూపిస్తే, నిజంగా, నా వంక చూసి రెప్ప కొట్టినట్టే అనిపించింది.

చివరికి జలపాతం దగ్గరికొచ్చాడు. తన పద్ధతి ప్రకారం పాత బొమ్మను ఉన్నదున్నట్టు చేతి గేమ్‌లో పెట్టాడు. పెట్టి, కిటికీ పరదా తీసి, వెలుతురులో చూశాడు.

నీళ్ళు పారుతున్నాయి. పల్చగా, పట్టు తెరలాగా. వెనక నల్లగా, తలుపంత ఎత్తున నీడ. ఆ రోజు ఆ కొట్లో చూసింది చూసినట్టే.

అతని సంతోషం చూడాలి. ఆ సాయంత్రం ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చాడు. ఈ కొత్త తెరలు ఎంత బాగుపడ్డాయో, పాత టీవీ లాగే రంగుల్ని తమంతట తామే కలిపేస్తున్నాయని అందరికీ చెప్పాడు. హక్కుల పని మీద వేరే ఊళ్ళో ఉన్న యజమానికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆ బొమ్మ మీద చెయ్యి వెయ్యాల్సిన పనే లేదురా, ఒక్క చుక్క కదిపినా పాపం అన్నాడట. యజమాని, నువ్వు చూశావుగా, ఇక నేను చూడక్కర్లేదు అన్నాడట.

ఆ ఆఫీసులో ఇంకొకాయన ఉన్నాడు. రోజంతా ఆట ఆడి తప్పులు పట్టడమే అతని ఉద్యోగం. మా మరిదే అతనికి తప్పులాయన అని పేరు పెట్టాడు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, మీ కుర్చీ కాలొకటి పొట్టిగా ఉందని చెప్పి వచ్చే రకం. మంచి మనిషే గానీ కంట్లో పడ్డది నోట్లోంచి రాకుండా ఉండదు. అతను జలపాతం చూసి మా మరిది బల్ల దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఇవి నీళ్ళలా లేవు. ఊచల్లా ఉన్నాయి."

మా మరిది చేతి గేమ్ తీసుకుని, మొహానికి కాస్త పక్కగా పెట్టుకుని చూశాడు. నీళ్ళు చక్కగా పారుతున్నాయి. నవ్వొచ్చింది. "నువ్వు పాత టీవీ చూడలేదు కాబట్టి అంటున్నావు. అచ్చం ఇలాగే ఉండేది. పోయి ఇంకెక్కడైనా తప్పులు ఏరుకో" అన్నాడు. తప్పులాయన మర్నాడు మళ్ళీ అన్నాడు. ఈసారి మా మరిదికి కోపమొచ్చింది. నేను ఈ జలపాతంలోంచి నడిచి వెళ్ళినప్పుడు నువ్వు పలక పట్టుకుని ఏడుస్తున్నావు అన్నాడు. అందరూ నవ్వారు. తప్పులాయన తల గోక్కుని ఊరుకున్నాడు. ఇన్నేళ్ళలో మా మరిది కన్ను తప్పింది లేదు. పాత టీవీలో అది చారలు చారలుగానే ఉండేదేమో, తనకే తెలియదేమో అనుకున్నాడట పాపం.

ఆట బయటికొచ్చింది. మొదట్లో పొగడ్తలే పొగడ్తలు. గుడ్లగూబ గురించి ఎవరెవరో రాశారు. మా మరిది వాటిని పెళ్ళాం చేత పైకి చదివించుకున్నాడు. చదువుతుంటే, మళ్ళీ చదువు, ఆ రెప్ప అన్న చోట మళ్ళీ చదువు అని అడిగేవాడట.

ఆ తర్వాత ఆడేవాళ్ళు ఒక్కొక్కరే జలపాతం దగ్గరికి చేరారు. చేరి ఆగిపోయారు. వాళ్ళకు అక్కడ నీళ్ళు కనపడలేదు. ఇనుప ఊచల గేటు కనపడింది. గేటన్నాక తాళం ఉంటుంది, తాళమన్నాక చెవి ఉంటుంది. లేని తాళానికి లేని చెవి కోసం అడవంతా గాలించారు, కోట పునాదుల దాకా వెతికారు, ఎండుచెట్టు చుట్టూ తిరిగి తిరిగి గుడ్లగూబను తిట్టుకున్నారు. అడుగు ముందుకేస్తే చాలు, లోపలుంటారు. కానీ ఊచల్లోంచి నడవాలని ఎవరికి తడుతుంది చెప్పండి. ఆట పాడైపోయింది, మధ్యలోనే ఆగిపోతోంది, మోసం అని రాశారు. ఆ మాటలు పొగడ్తలకన్నా వేగంగా పాకాయి. వాటాదారులు యజమానికి ఫోన్ మీద ఫోన్.

యజమాని వచ్చాడు. వచ్చిన రోజు జరిగింది తర్వాత అతనే నాకు చెప్పాడు.

మూలనున్న పాత టీవీని బల్ల మీదికెక్కించి, పాత పెట్టె తగిలించి, జలపాతం దగ్గరికి తెచ్చి ఆపారు. పక్కనే చేతి గేమ్‌లో అదే చోటు. మా మరిదిని ముందు నిలబెట్టి, ఇది చూడు గురువా, ఇప్పుడు ఇది చూడు అన్నాడు.

మా మరిది రెండూ చూశాడు.

"ఒకటే కదరా."

యజమాని వేళాకోళమనుకున్నాడు. మళ్ళీ చూడమన్నాడు. మా మరిది వంగి చూశాడు, పక్కకు తిరిగి చూశాడు, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి పెట్టుకుని చూశాడు. ఒకటే అన్నాడు. అంత బాగా వచ్చాక ఇక గొడవేమిటి, జనానికి ఆడటం రాకపోతే మనదా తప్పు అన్నాడు. కింద చెప్పుల దుకాణంలో మేకులు కొడుతున్న చప్పుడు వినిపిస్తోందట.

అప్పుడు తప్పులాయన దగ్గరికొచ్చి, మా మరిది చూపుడువేలు పట్టుకుని చేతి గేమ్ తెర మీద పెట్టాడు. "ఇక్కడొక ఊచ ఉందన్నా" అన్నాడు. వేలు కాస్త జరిపాడు. "ఇక్కడ ఖాళీ. ఇక్కడ ఇంకోటి." అలా ఈ చివర నుంచి ఆ చివరకు తీసుకెళ్ళాడు. మా మరిది చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

లోకమంతటికీ చారలుగా కనపడుతున్నది, అతని ఒక్కడికే నీళ్ళలా కనపడింది. ఆ తెర ఏమీ బాగుపడలేదు. పాత టీవీ చేసే పని అతని కళ్ళు చెయ్యడం మొదలుపెట్టాయి.

మా మరిది కిందికి దిగి చివరి మెట్టు మీద కూర్చున్నాడట. చెప్పుల దుకాణంవాడు, ఇతను చెప్పులు కొనుక్కోవడానికి వచ్చాడనుకుని, ఎన్నో నంబరండీ అని అడిగాడట. నంబరు చెప్పాడు. ఆ మనిషి ఒక జత తెచ్చి తొడిగి చూశాడు. మా మరిది ఆ జతే కొనుక్కుని ఇంటికొచ్చాడు. అవి ఇప్పటికీ పెట్టెలోనే ఉన్నాయి.

ఆ తర్వాత డాక్టరు. ఈసారి మేం పోరాల్సిన పని లేకపోయింది, తనే బయల్దేరాడు. పెళ్ళాం, నేనూ చెరో పక్కన కూర్చున్నాం. డాక్టరు చాలాసేపు దీపం వేసి చూసి, కంటి లోపల వెనక పొర నడిమధ్యన అరిగిపోతోందన్నాడు. కళ్ళజోడుకు లొంగదు, ఆపరేషన్ లేదు, మందు లేదు. పూర్తిగా చీకటైపోదు, అంచులు మిగులుతాయి. తలుపులు కనపడతాయి, మొహాలు కనపడవు. మా తోడికోడలు ఇంకెంతకాలం అని అడిగింది. మా మరిది అది అడగలేదు.

"ఎప్పటినుంచి ఇలా ఉంది?" అని అడిగాడు.

డాక్టరుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నెమ్మదిగా వచ్చేది, కొన్నేళ్ళే అయ్యుండాలి, సరిగ్గా చెప్పలేం అన్నాడు. కొన్నేళ్ళంటే ఎన్ని, గుర్రం ఆటకు ముందా తర్వాతా, దీవుల ఆటకు ముందా అని మా మరిది అతన్ని గుచ్చి గుచ్చి అడిగాడు. డాక్టరు గుర్రమేమిటి, దీవులేమిటి అన్నట్టు మాకేసి చూశాడు. నాకు దారిలో అర్థమైంది. ఆ ఏళ్ళలో తను చూసి బాగుందని వదిలిన ప్రతి బొమ్మా ఇప్పుడు అతనికి అనుమానమే. ఏది నిజంగా బాగుండి బాగుందన్నాడో, ఏది కనపడక అన్నాడో ఇక తేలదు. రిక్షాలో ఇంటిదాకా వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఒక్కో ఆట పేరూ తలుచుకుంటూ వచ్చాడు. దొంగలు పడ్డ ఇంట్లో ఏమేం పోయాయో చూసుకుంటున్నవాడిలా.

ఆట సంగతేమంటారా. జలపాతాన్ని తప్పులాయనే దిద్దాడు. అతనికి బొమ్మలు రావు. ఊచలు తీసేసి, మధ్యరకం నీలం రంగు ఒకటి పులిమి, తలుపున్న చోటు నల్లగా వదిలేశాడు. ఇప్పుడు జనం లోపలికి వెళ్తున్నారు. వెళ్ళిపోతున్నారంతే, ఆగి చూసేవాళ్ళు లేరు. ప్రోగ్రాం వచ్చింది. కిటికీ పక్క బల్ల మీద దాన్నే పెట్టారు.

యజమాని మా మరిదిని పొమ్మనలేదు. అది మాత్రం చెప్పాలి. నువ్వు రా, కూర్చో, పాత టీవీలో ఏది ఎలా ఉండేదో ఈ పిల్లలకు నువ్వే చెప్పాలి, నీకన్నా తెలిసినవాళ్ళెవరు అన్నాడు. మేమంతా సంతోషించాం. మా తోడికోడలు రోజూ అతన్ని చెప్పుల దుకాణం దాకా దింపి, అక్కణ్ణుంచి స్టేషన్‌కు వెళ్ళేది. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేయించుకునేవాడు. కొంచెం తేరుకున్నాడనే అనుకున్నాం. తప్పులాయన ప్రోగ్రాం కుదించిన బొమ్మల్ని తెచ్చి, అన్నా ఇది బాగుందా, అది బాగుందా అని అడిగేవాడు. రెండు బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి తెర మీద చూపిస్తాడు, మా మరిది ఒకటి చెప్తాడు, అదే ఖాయం చేస్తారు. చూపు మసకైనా రంగు తెలుస్తుంది వదినా, పని జరిగిపోతోంది అనేవాడు నాతో.

ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాడు, ఒక్కడే, గోడ పట్టుకుని. పెళ్ళాం డ్యూటీలో ఉంది. నేను వెళ్ళేసరికి చొక్కా విప్పి మడతపెట్టి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ రోజు తప్పులాయన ఒక గుహ బొమ్మ చూపించాడు. మీట నొక్కి రెండోది చూపించాడు. మా మరిది చూసి, మొదటిది మరీ చీకటిగా ఉంది, రెండోదే బాగుంది, అందులో రాయి రాయిలా ఉంది అన్నాడు. అలా అంటూండగానే తట్టింది. బొమ్మ మారినప్పుడు ఆ మీట టక్కుమంటుంది. ఈసారి అనలేదు. మీట సరిగ్గా నొక్కుకోలేదు. రెండుసార్లూ చూసింది ఒకే బొమ్మ.

"నేను ఆగాను వదినా. అతనికి తెలియకుండా ఎందుకుంటుంది, తప్పులు పట్టేవాడు కదా. మీట పడలేదన్నా, మళ్ళీ చూడండి అంటాడని ఆగాను."

"అన్నాడా?"

"అవునన్నా, రెండోదే బాగుంది అన్నాడు."

అంతే. కేకలేశాడా, నవ్వాడా అంటే లేదు. తప్పులాయన రెండోది ఖాయమని రాసుకుని, లేచి వెళ్ళి టీ తెచ్చి చేతికిచ్చాడట. కప్పు వేళ్ళకు తగిలేలా, జాగ్రత్తగా.

నేను ఏవేవో చెప్పాను. నీ మీద గౌరవంతోనే అలా అన్నాడు అన్నాను. ఒక్కసారి మీట పడకపోతే ఏమైంది అన్నాను. అతను విన్నాడు.

"ఇకనుంచి ఎవరేది చూపించినా, నేనేదంటే అదే బాగుందంటారు వదినా" అన్నాడు. "మా ఆవిడ కూడా అంటుంది. మీరూ అంటారు."

అతను నా చెవి పక్కకు చూస్తూ కూర్చున్నాడు. మర్నాటి నుంచి ఆఫీసుకు వెళ్ళలేదు. యజమాని రెండుసార్లు వచ్చి పిలిచాడు, తప్పులాయన ఒకసారి వచ్చి గుమ్మంలోనే నిలబడి వెళ్ళిపోయాడు. పొద్దున్న మా తోడికోడలు స్టేషన్‌కు వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వేసి వెళ్తుంది. అతను కిటికీ వైపు కుర్చీ తిప్పుకోడు. గోడ వైపు తిప్పుకుని కూర్చుంటాడు.